బావ పద్యం, నా కత్తెర

తెనాలిలో వీడియో ఎడిటింగ్ తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ డెబ్బై దాటాక నేర్చుకుని, నేర్చుకున్న నెలలోపలే రేపల్లెలో తెర మీద ఆడించిన మనిషిని నేనొక్కణ్నే. ఈ మాట ఇప్పటికి చాలామందితో అన్నాను, ఎవరూ కాదనలేదు. విచారించే ఓపిక ఎవరికీ లేక కాదనలేదని మా ఆవిడ అంటుంది. అదీ నిజమే కావచ్చు. నెల అన్నది కూడా కాస్త లోపలికి మడిచి చెప్పిన లెక్క. విప్పితే ఇంకొంచెం పొడవుంటుంది.

రేపల్లెలో నాకొక స్నేహితుడున్నాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ, పడుచుతనం నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. అతను పద్యం ఎత్తుకున్నాడంటే రేపల్లె స్టేషన్లో రైలు కూడా ఆగి వినేదని నేను అందరికీ చెబుతుంటాను. రేపల్లె దాటాక పట్టాలు లేవు కాబట్టి రైలు ఎలాగూ అక్కడ ఆగాల్సిందే. ఆ సంగతి విడిగా చెప్పను. కానీ గొంతు మాత్రం అంతటిదే. మైకు పాడైనా నాటకం ఆగేది కాదు.

ఆ గొంతు పోయింది. లోపల కంతి లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి ఇప్పుడు దానిలోంచే. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఏదైనా చెప్పాలంటే చేతులు తిప్పుతాడు, లేదంటే ఫోనులో టైపు చేసి మన ముఖం ముందు పెడతాడు. ఆ టైపు చేసే మాటలు కూడా సింహాసనం మీద కూర్చుని చెప్పినట్టే ఉంటాయి. అక్కర్లేని మాట ఒక్కటి ఉండదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అతను గేటు దాటలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటాడట. ఫోను చేసినప్పుడల్లా చెల్లెమ్మ, అంటే బావ భార్య, ఈ సంగతే చెప్పి బాధపడేది. ఇలా ఉండగా రేపల్లెలో నాటకాలంటే ప్రాణం పెట్టే నలుగురు కలిసి అతనికి సన్మానం చేద్దామనుకున్నారు. చిన్న హాలు, ఒక శాలువా, నాలుగు మంచి మాటలు. కబురు పంపితే రానన్నాడు. నచ్చజెప్పడానికి నన్ను పంపారు. నచ్చజెప్పడంలో మన జిల్లాలో నా తర్వాతే ఎవరైనా అని వాళ్లకు నేనే చెప్పి ఉన్నాను.

నేను వెళ్లేసరికి బావ వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. మెడ చుట్టూ పల్చటి కండువా. నేను మొదలుపెట్టకముందే ఫోను తీసి టైపు చేసి చూపించాడు.

"గొంతు లేనోడికి శాలువా ఏంటి. బొమ్మలా కూర్చోను."

"బొమ్మలా ఎవరు కూర్చోమన్నారు బావా. నీ పద్యం వినిపిద్దాం. బాపట్లలో ఆఖరుసారి పాడావు కదా, అది నా ఫోన్లో ఉంది, చెల్లెమ్మ ఫోన్లోనూ ఉంది. రెండూ కలిపి మంచి వీడియో చేసుకొస్తా."

"నువ్వా?"

"నేనే. ఎడిటింగ్ నేర్చుకుని ఎన్నాళ్లయిందనుకున్నావు?"

అప్పటికి నాకు ఫోనులో ఫొటో తిప్పడం కూడా సరిగ్గా రాదు. మా ఇంట్లో నేను తీసిన ఫొటోలన్నీ మెడ పక్కకు వంచి చూస్తారు. కానీ మాట నోట్లోంచి అంత నిబ్బరంగా వచ్చేసరికి నాకే నమ్మకం కలిగింది. బావ నా వంక చాలాసేపు చూసి, మళ్లీ టైపు చేశాడు.

"చేసి తీసుకురా. చూస్తా. అందులో నేను కనపడితే వస్తా. లేకపోతే ఇంకెవరూ నన్ను అడగొద్దు."

చెల్లెమ్మ గేటు దాకా వచ్చింది. గడియ తీస్తూ, గొంతు తగ్గించి అంది. "అన్నయ్య గారూ, ఇంట్లోంచి కదులుతానన్న మాట ఈ మధ్య ఆయన నోట, అదే, ఆయన ఫోన్లో ఇదే మొదటిసారి అండి. మీ మీద నమ్మకంతో అన్నారు. కాస్త చూసి చెయ్యండి."

రేపల్లె నుంచి భట్టిప్రోలు దాకా రైల్లో రాజాలా కూర్చున్నాను. వేమూరు వచ్చేసరికి చెమట పట్టింది. తెనాలిలో దిగేటప్పుడు పక్కసీటులోని కాలేజీ అమ్మాయిని, "వీడియోలు కలపడం ఎలాగమ్మా?" అని అడిగాను. ఆన్‌లైన్లో పాఠాలు బోలెడున్నాయి తాతయ్యా, తెలుగులోనే ఉంటాయి, చూసి నేర్చుకోవచ్చు అని చెప్పి దిగిపోయింది.

ఉన్నాయి. నిజంగానే బోలెడున్నాయి. ఒకాయన పాఠం మొదలుపెట్టడానికి ముందే గంట గుర్తు నొక్కండి, లైక్ చెయ్యండి అని అంతసేపు బతిమాలతాడు, ఆ లోపల నాకు కునుకు పట్టేది. ఇంకొకాయన నేర్పేది తెలుగులోనే గానీ మధ్యమధ్య ఊపిరి పీల్చడానికి తప్ప తెలుగు వాడడు. చివరికి ఒక అమ్మాయి దొరికింది. మన కోస్తా మాటే. "ఏం లేదండి, చాలా సింపుల్, ఇక్కడ నొక్కండి" అంటుంది. ఆ ఇక్కడ ఎక్కడో కనుక్కునే లోపల వేలు తీసేస్తుంది. పాఠాన్ని నెమ్మదిగా కూడా నడిపించవచ్చని తర్వాత తెలిసింది. నడిపిస్తే ఆ పిల్ల గొంతు కల్లు తాగినవాడి గొంతులా సాగింది. అయినా సరే, నేర్చుకోవడానికి గొంతు అందంగా ఉండక్కర్లేదని అలాగే విన్నాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, మా ఆవిడ సీరియల్ ముందు కూర్చున్నాక, నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చునేవాణ్ని. మొదటి పాఠంలోనే అంతా వచ్చేసింది. వచ్చేసింది అని మా ఆవిడతో అన్నాను. మొదటి పాఠంలో వచ్చింది ఫోనును అడ్డంగా పట్టుకోవాలన్న ఒక్క సంగతే.

సాధన కోసం మా ఆవిడ గోంగూర ఒలుస్తుంటే తీశాను. దాన్ని కత్తిరించాను, అతికించాను, వేగం పెంచాను. వెనక్కి నడిపించే మీట కూడా దొరికింది. గిన్నెలోని ఆకులన్నీ ఎగిరొచ్చి కాడలకు అతుక్కున్నాయి. లోకంలో ఇంత అద్భుతం ఇంకోటి ఉండదనిపించి మా ఆవిడకు చూపించాను. చూసింది.

"బాగానే ఉంది. మళ్లీ ఎవరు ఒలవాలి అవన్నీ?"

"కళ నీకు తెలీదు."

"నాకు తెలీదులెండి. రేపల్లె ఆయనకు తెలుసుగా. ఆయనకేం చూపిస్తారో చూద్దాం."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాటి నుంచి గోంగూర మానేసి పద్యం పట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రంగస్థలం మీద నాకు కొన్ని దశాబ్దాల అనుభవం ఉంది. అందుకే ఎడిటింగ్ నాకు వేరేవాళ్లకంటే త్వరగా పట్టుబడింది. రంగస్థలం మీద అన్నానా? పక్కన. పగలు అంగలకుదురు దగ్గర రైస్ మిల్లులో గుమాస్తాగిరీ, నాటకం ఉన్న రోజున తెర లాగే పని. ఒకసారి కర్లపాలెంలో భటుడి వేషం కట్టాల్సినవాడు రాకపోతే నన్ను నిలబెట్టారు. ఈటె పట్టుకుని నిలబడ్డాను. అది తప్ప నేను ముఖానికి రంగు వేసుకున్నది లేదు. కానీ తెర లాగడం చిన్న పనేం కాదు. పద్యం చివరి మాట ఇంకా గాల్లో ఉండగానే తెర వదిలితే నటుడు తిడతాడు. మాట చల్లారిపోయాక వదిలితే జనం దగ్గుతారు. ఆ రెంటికీ మధ్య సందు చూసి తాడు వదలాలి. బావ ఛాతీ వంకే చూస్తూ వదిలేవాణ్ని, అతని దగ్గర ఎప్పుడూ తప్పు పోలేదు. కాబట్టి ఎక్కడ కోయాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదనుకున్నాను.

బాపట్లలో ఆఖరుసారి ఆడింది ఆరుబయట. సముద్రం వైపు నుంచి గాలి కొట్టి తెర నిలవకపోతే, కింద ఇటుకరాళ్లు కట్టాను. చెల్లెమ్మ ముందు వరుసలోంచి తీసి, నాకు పంపిన వీడియోలో బొమ్మ బాగుంది. రాజు నిండుగా కనబడతాడు, ఒక పెద్దమనిషి బట్టతల మాత్రం కింద మూల నుంచి కదలదు. కానీ మాట సరిగ్గా వినపడదు, పక్కన ఒక చంటిపిల్ల ఏడుపు, ఎవరో పల్లీలు నమిలే చప్పుడు. నేను తెర పక్కనుంచి తీసినదాంట్లో గొంతు గంటలా ఉంది. బొమ్మలో మాత్రం బావ వీపు, నా తాడు, సగం చోట్ల నా బొటనవేలు. కాబట్టి ఆ బొమ్మకు ఈ గొంతు అతికించాలి.

ఎలా అతికించాలో ఆ అమ్మాయి పాఠంలో ఉంది. చిత్రం ఒక పట్టీలా, శబ్దం దాని కింద ఇంకో పట్టీలా పరుచుకుంటాయి. రెంటిలోనూ వినపడే చప్పుడు ఒకటి పట్టుకుని, ఆ చప్పుళ్లను ఒకదాని కింద ఒకటి సరిగ్గా పెట్టాలి. చాలామంది ముందుగా చప్పట్లు కొట్టి గుర్తు పెట్టుకుంటారట. మా దగ్గర అది లేదు. కానీ పద్యం ఎత్తుకునే ముందు బావ ఎప్పుడూ కుడికాలు బల్లల మీద గట్టిగా వేస్తాడు. ఆ చప్పుడు రెండు ఫోన్లలోనూ పిడుగులా పడింది. దాని మీద దీన్ని పెట్టేసరికి, ముందు వరుసలోంచి చూసిన రాజు నా చెవి పక్కన నిలబడి పాడినట్టు పాడాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ సీరియల్ ఆపి వచ్చి చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఇంట్లో పెద్ద బహుమతి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తర్వాతి పాఠంలో ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. చూసేవాళ్లకు ఓపిక లేదు, మాట లేని చోట ఉంచితే వేలితో పక్కకు నెట్టేస్తారు, కాబట్టి ఖాళీలన్నీ కోసేయండి అంది. ఆమె తన పాఠంలో చూపించింది బిర్యానీ వండే వీడియో. నేను కోసింది పద్యాన్ని.

పద్యనాటకం చూసినవాళ్లకు తెలుసు. పద్యం గబగబా అప్పజెప్పేది కాదు. ఒక పాదం పాడి, చివరి అక్షరం పట్టుకుని రాగం లాగుతాడు. లాగి ఆగుతాడు. ఆ ఆగినచోట హార్మోనియం అందుకుంటుంది. మళ్లీ ఊపిరి తీసుకుని రెండో పాదం. నాకు ఆ సంగతి తెలియక కాదు. కానీ చేతిలో కొత్త కత్తెర ఉంది, పాఠంలో సూత్రం ఉంది. బావ గొంతు వినపడని చోటల్లా కోశాను. కోసిన కొద్దీ పద్యం బిగిసింది. పాదం మీద పాదం, పాదం మీద పాదం, ఎక్కడా సందు లేకుండా. ఎంత చురుగ్గా ఉందో అనుకున్నాను. సినిమావాళ్లు నన్ను ఇంత ఆలస్యంగా కనుక్కోవడం వాళ్ల దురదృష్టం అని కూడా అనుకున్నాను. అది పైకి అనలేదు, కాబట్టి ఒప్పుకోనక్కర్లేదు గానీ ఒప్పుకుంటున్నాను.

బావకు చూపించేముందు మా హార్మోనియం తమ్ముడికి చూపించాను. తెనాలిలోనే బట్టలు కుట్టే కొట్టు అతనిది. మా నాటకాలన్నిటికీ అతనే వాయించేవాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి కొట్టు తలుపు తీస్తుంటే వెళ్లి ఫోను చేతిలో పెట్టాను. మిషను మీద కూర్చుని చివరి దాకా చూశాడు.

"బాగుందన్నా. గొంతు బాగా వచ్చింది." ఫోను నా చేతికిస్తూ అడిగాడు. "నా హార్మోనియం ఏది?"

"ఉందిగా, వెనకాల."

"పాటలో ఉందన్నా. పాదానికీ పాదానికీ మధ్య ఉండాల కదా, అది లేదు."

"సన్మానం బావకు తమ్ముడూ, నీక్కాదు."

అతను నవ్వి, సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ప్రతివాడికీ తన వాయిద్యమే వినపడాలని ఉంటుందిలే అనుకుని వచ్చేశాను.

రేపల్లె వెళ్లాను. ఈసారి దారి పొడవునా రాజాలాగే కూర్చున్నాను. బావ వసారాలోనే ఉన్నాడు. చెల్లెమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. నేను ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి బల్ల మీద పెట్టి, మీట నొక్కాను.

కుడికాలు పడ్డ చప్పుడుకే అతను నిటారుగా కూర్చున్నాడు. పద్యం మొదలుకాగానే కుడిచెయ్యి తనంతట తనే లేచింది. నేను చెల్లెమ్మ వంక గర్వంగా చూశాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బావ పెదాలు పద్యంతో పాటు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. చెయ్యి మాత్రం వెనకటి చెయ్యే. మొదటి పాదం అయింది. రాగం అయింది. చెయ్యి దించి, ఛాతీ నింపుకోబోయాడు. అప్పటికే ఫోనులోని రాజు రెండో పాదంలోకి దూకేశాడు. బావ అందుకున్నాడు. మూడో పాదానికి మళ్లీ అంతే. ఇంకా గట్టిగా అందుకోబోయాడు. అంతలో మెడ దగ్గర్నుంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది, ఆ వెనకే దగ్గు. రంధ్రంలోంచి దగ్గు రావడం నేనెప్పుడూ చూడలేదు. ముఖం ఎర్రబడింది. చెల్లెమ్మ గుడ్డ తీసుకుని మెడకు అడ్డం పెట్టి, వీపు నిమిరింది. ఫోనులోని రాజుకు ఇవేం పట్టలేదు. పద్యం పూర్తిచేసి మీసం మెలేశాడు.

దగ్గు తగ్గాక బావ ఫోను తీసుకున్నాడు. టైపు చేయడానికి చాలాసేపు పట్టింది.

"ఊపిరి తీసుకునే చోటు లేదు. ఇది నేను కాదు."

నేను ఏదో చెప్పబోయాను. ఈ రోజుల్లో జనానికి ఓపిక తక్కువనీ, పాఠంలో అలాగే ఉందనీ. అతను చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ టైపు చేశాడు.

"నా ఊపిరి చూసే కదా ఇన్నేళ్లు తెర వదిలావు. ఇప్పుడెక్కడ చూశావు?"

ఫోను బోర్లించి పెట్టి, లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు దగ్గరగా పడింది. చెల్లెమ్మ వంటింట్లోకి వెళ్లొచ్చింది. కాఫీ ఇచ్చింది, చక్కెర సరిపోయిందా అండి అని అడిగింది. సరిపోయిందన్నాను. రుచి తెలిస్తే కదా.

రైల్లో మొదట బావ మీద కోపం వచ్చింది. తర్వాత ఆ పాఠం చెప్పిన అమ్మాయి మీద వచ్చింది. వాళ్లిద్దరి మీదా నిలవక నా మీదికి వచ్చింది. అంతకంటే ముఖ్యమైన భయం ఇంకోటి ఉంది. నేను ఎరిగిన కోత కోతే. బట్ట కోస్తే కోసినట్టే, పైరు కోస్తే కోసినట్టే. ఆ ఊపిరులన్నీ కోసి పారేశాను. వీడియోలు రెండూ ఫోనులో వేరేగా ఉండనే ఉన్నాయి, మళ్లీ మొదటి నుంచీ చేయవచ్చు. కానీ సన్మానం దగ్గరపడింది. నేను పని చేసే వేగం నాకు తెలుసు, మీకు తక్కువ చేసి చెప్పానే గానీ.

ఇంటికొచ్చి ఆ అమ్మాయి పాఠాలు మళ్లీ తిరగేశాను. మొదట్లో ఒక పాఠం దాటేసి ముందుకెళ్లాను. "కట్ చేసింది పొరపాటైతే ఏం చేయాలి" అని ఉంది దాని మీద. పొరపాట్లు చేసేవాళ్లకు అని నేను చూడలేదు. ఇప్పుడు చూశాను. కోసింది ఎక్కడికీ పోదట. పట్టీ అంచు కింద మడతపడి ఉంటుంది. అంచు మీద వేలు పెట్టి పక్కకు లాగితే తిరిగొస్తుంది. అంతే. చాలా సింపుల్ అండి అంది ఆ పిల్ల. మొదటిసారి ఆ మాట నాకు కోపం తెప్పించలేదు.

రెండో పాదం అంచు పట్టుకుని లాగాను. ముందు హార్మోనియం వచ్చింది. తమ్ముడు మధ్యలో వాయించిన ఆ ముక్క, బావ పాడిన రాగాన్నే తిప్పి అతనికి అప్పజెబుతున్నట్టుంది. ఇంకాస్త లాగాను. ఊపిరి వచ్చింది. పెద్ద ఊపిరి. ఛాతీ మీది పూసల హారాలు కదిలిన గలగల కూడా దానితోపాటు వచ్చింది. ఒక్కో అంచూ లాగుతూ పోయాను. మొదటి ఊపిరి ముక్కుతో తీసుకున్నాడు, నిదానంగా. రెండోది నోటితో. చివరి పాదానికి ముందుది గరగరమని వచ్చింది. అప్పటికే లోపల జబ్బు మొదలైందేమో, ఎవరికి తెలుసు. ఆ గరగర తర్వాత చివరి పాదాన్ని ఎంత పైకి ఎత్తాడో వింటే, ఆ ఊపిరి ఎందుకంత లోతుకు వెళ్లి తెచ్చుకున్నాడో తెలుస్తుంది. నేను ఖాళీ అనుకుని కోసింది ఆ చోటునే.

అక్కడే ఇంకో గొంతు కూడా వినపడింది. చాలా సన్నగా, "ఆగు... ఆగు... ఇంకా ఉంది" అని. ఎవరా అని ధ్వని పెంచి విన్నాను. నేనే. తాడు పట్టుకుని నాలో నేను అనుకుంటున్న మాట ఫోనులో పడింది. అక్కర్లేని చప్పుళ్లు తీసేయడానికి కూడా పాఠం ఉంది. తీసి చూస్తే బావ ఊపిరి కూడా పల్చబడింది. మళ్లీ పెట్టేశాను. నా గొంతు ఉన్నా ఎవరికీ వినపడదులే అని. వినపడితే బాగుండునని కూడా కొంచెం ఉంది.

కొట్టుకు వెళ్లి తమ్ముడికి చూపించాను. ఈసారి అతను మిషను ఆపి, కుడిచేతి వేళ్లు తన మోకాలి మీద వాయిస్తూ విన్నాడు. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది తమ్ముడూ అన్నాను. సన్మానానికి హార్మోనియం కూడా పట్టుకొస్తానన్నాడు. పాట ఫోనులోనే ఉంటుంది కదా అంటే, పక్కన పెట్టె ఉంటే రాజుగారికి ధైర్యంగా ఉంటుందన్నాడు.

మళ్లీ రేపల్లె వెళ్లే ముఖం లేక, వీడియోను బావ ఫోనుకు పంపాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. ఆ రోజంతా లేదు. మర్నాడు చెల్లెమ్మ ఫోను చేసింది. "తలుపేసుకుని అదే పనిగా పెడుతున్నారు అన్నయ్య గారూ. బయటికి పద్యం వినపడుతోంది, మధ్యలో కాలు నేలకేసి కొట్టిన చప్పుడు కూడా. భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపి పొమ్మంటున్నారు."

"దగ్గుతున్నాడా?"

"లేదండి. అది చెబుదామనే చేశాను."

"మరి వస్తానన్నాడా?"

"అది మాత్రం ఏం చెప్పలేదండి. అడగడానికి నాకు భయం."

సన్మానం రోజు సాయంత్రం నేను ముందే హాలుకు వెళ్లాను. తెల్లటి తెర కట్టారు, దాని మీద బొమ్మ పడే యంత్రం అద్దెకు తెచ్చారు. సాంకేతిక వ్యవహారాలన్నీ నేనే చూసుకున్నాను. అంటే, వైరు ఏ రంధ్రంలో పెట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతుంటే, యంత్రం తెచ్చినతను వచ్చి పెట్టాడు. తమ్ముడు హార్మోనియం పెట్టె పక్కన పెట్టుకుని కింద చాప మీద కూర్చున్నాడు. వేదిక మీద పూలదండ వేసిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. జనం వచ్చారు. మాట్లాడాల్సినవాళ్లు మాట్లాడారు. మాట్లాడక్కర్లేనివాళ్లు కూడా మాట్లాడారు. కుర్చీ ఖాళీగానే ఉంది. సన్మానం పెట్టినవాళ్లు వచ్చి, ఏంటండి మరి, వీడియో వేసేద్దామా, ఆయన రారేమో అని నా చెవిలో అడిగారు. ఆగండి, ఇంకా ఉంది అన్నాను. ఏం చూసి అన్నానో నాకే తెలీదు.

బయట ఆటో ఆగింది. ముందు చెల్లెమ్మ దిగింది. ఆ వెనక బావ దిగాడు. తెల్ల పంచె, ఇస్త్రీ లాల్చీ, మెడ చుట్టూ పట్టు కండువా. మీసానికి నల్లరంగు వేశాడు. ఎవరి వంకా చూడకుండా నడవ మధ్యలోంచి నడిచాడు. జనం వాళ్లంతట వాళ్లే లేచారు. వేదిక ఎక్కి, పూలదండ కుర్చీని దాటి, తెరకు కుడిపక్కన వెళ్లి నిలబడ్డాడు. నావైపు తిరిగి, ఒక్కసారి తల ఆడించాడు.

మీట నొక్కాను. తెర మీద రాజు కాలు పడింది, వేదిక మీద బావ కాలు పడింది. రెండు చప్పుళ్లూ ఒకటే అయ్యాయి. పద్యం మొదలైంది. గొంతు స్పీకర్లలోంచి వస్తోంది, చెయ్యి మాత్రం ఇతనిది. పాదం అయింది, రాగం అయింది, హార్మోనియం అందుకుంది. కింద తమ్ముడు పెట్టె తెరవలేదు, వేళ్లు మూత మీదే నడిచాయి. బావ ఛాతీ నిండడం నేను కూర్చున్నచోటికి కనబడింది. తెర మీద ఛాతీ కూడా అప్పుడే నిండింది. చివరి పాదానికి ముందు ఆ గరగర ఊపిరి వచ్చినప్పుడు చెల్లెమ్మ లేచి నిలబడింది. అతనికి దగ్గు రాలేదు. చెయ్యి పైకెత్తి, పాదం అయ్యేదాకా దించలేదు. హాలు ఊగిపోయింది. చప్పట్లకు పైకప్పు లేచిందని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. పైకప్పు అక్కడే ఉంది. చప్పట్లు మాత్రం నిజంగానే చాలాసేపు పడ్డాయి.

శాలువా కప్పారు. బావ ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలుపుతుంటే, అందరికీ చెయ్యి ఇచ్చాడు, ఎవరి నుంచీ ముఖం తిప్పుకోలేదు. ఒక ముసలాయన వచ్చి చెవిలో ఏదో చెబితే, టైపు చేసి జవాబు కూడా చూపించాడు. గుంపు పల్చబడ్డాక నన్ను వేలితో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను నా ముందు పెట్టాడు.

"ఊపిరి బాగుంది. కానీ బాపట్లలో అన్ని చప్పట్లు పడలేదు."

కాదని బుకాయిద్దామనుకున్నాను. ఆ రోజు గాలికి సరిగ్గా వినపడలేదేమో నీకు, అని నాలుక చివరిదాకా వచ్చింది. అతని ముఖం చూశాక రాలేదు.

"వీడియో చివర చప్పట్లు కోసి, మళ్లీ పక్కనే అతికించాను బావా. పాఠంలో ఉంది, నకలు తీయడం. కొంచెం ఎక్కువే అతికించాను."

అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి ఒక క్షణం పట్టింది, చప్పుడు లేదు కదా. శాలువా సర్దుకుని, ఫోను వెనక్కి తీసుకుని, ఒక్క మాట టైపు చేశాడు.

"ఉండనీ."